ఆ రేటు ఎవరికి తెలుసు?

"మేడమ్, నేనొక మాట చెప్త. మీరు పరేషాన్ కావొద్దు," అన్నాడు ముజాహిద్.

అలా మొదలుపెట్టినవాడు పరేషాన్ చెయ్యకుండా వదలడని రూబీకి తెలుసు. అల్ ఖర్జ్ నుంచి రియాద్ పోయే రోడ్డు మీద పాల ట్యాంకర్ వెనక వాళ్ల వ్యాను నత్తలా పాకుతోంది. ముజాహిద్ హారన్ కొట్టడం మానేసి, అద్దంలోంచి ఆమె ముఖం చూశాడు.

"చెప్పవయ్యా. సగం చెప్పి ఊరుకోకు."

"మొన్న మలాజ్ల మన ఇష్తియాక్ సాబ్‌ని చూసిన. చాయ్ హోటల్ల కూసున్నడు. ఎదురుంగ ఎవరున్నరో తెల్సా? అబ్దుల్ ఘనీ."

రూబీ ఒళ్లో ఉన్న సంచీని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

నరసాపురంలో పుట్టి, ఈ దేశపు ఆసుపత్రుల్లో పదమూడేళ్లు నర్సుగా చేసి, విదేశీయులు సొంత పేరు మీద కంపెనీ పెట్టుకోవచ్చని తెలిసిన ఏడాదే ఆమె ఉద్యోగం మానేసింది. అల్ ఖర్జ్‌లో చిన్న లాండ్రీ పెట్టింది. ఆసుపత్రి దుప్పట్లు, డాక్టర్ల కోట్లు, ఆపరేషన్ గదిలో వాడే పచ్చ గుడ్డలు. వాటి మీది మరకలు ఎక్కడివో, ఏ వేడిలో పోతాయో ఆమెకు కొట్టినపిండి. కానీ ప్రైవేటు క్లినిక్కులిచ్చే పనితో షెడ్డు నడవదు. సర్కారు ఆసుపత్రి కాంట్రాక్టు రావాలి. చిన్న సంస్థలకని విడిగా ఉంచిన టెండర్లు రెండు వచ్చాయి. రెండూ పోయాయి.

పోవడం కాదు బాధ. పోయిన తీరు. టెండర్లో చివరికి తేల్చేది ఒకే అంకె. కిలో బట్ట ఉతికి, ఇస్త్రీ చేసి, అప్పజెప్పడానికి ఎంత తీసుకుంటావు? మొదటిసారి అబ్దుల్ ఘనీ లాండ్రీ ఆమె కన్నా అయిదు హలాలాలు తక్కువ వేసింది. రియాల్లో ఇరవయ్యో వంతు. రెండోసారి మూడే హలాలాలు. చీకట్లో రాయి విసిరితే ఒకసారి తగలొచ్చు. రెండుసార్లు తగిలిందంటే ఎవడో దీపం పట్టుకున్నాడనే అర్థం.

ఆ దీపం పట్టుకున్నది తన టెండరు కాగితాలు రాసే ఇష్తియాకేనా?

ఈ మూడోది కూడా పోతే లైసెన్సు రెన్యువల్‌కి డబ్బులుండవు. షెడ్డు మూతపడుతుంది. ఆమెకూ, పనిచేసే ఏడుగురికీ ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం విడిచి పోవడమే. ముజాహిద్ ఆ ఏడుగురిలో ఒకడు.

"నీకు కచ్చితంగా తెలుసా? ఘనీయేనా?"

"ఆ పొట్ట, ఆ మెహందీ గడ్డం ఇంకెవరికున్నయ్ మేడమ్?"

రూబీకి ఈ మాట కొత్తగా అనిపించలేదు. అసలు రెండు వారాలుగా ఆమె అనుమానం అదే. అందుకే ఈసారి ఇష్తియాక్‌కి అసలు రేటు చెప్పలేదు. కిలోకి అయిదు రియాళ్ల పది హలాలాలు, అయిదు పది అని చెప్పింది. కాగితాలన్నీ ఆ రేటు మీదే తయారుచేశాడతను. అసలు రేటు, నాలుగు ముప్పై అయిదు, ఆమె బుర్రలోనే ఉంది. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి గడువు. చివరి నిమిషంలో తన చేత్తో తను మార్చేసి పంపేస్తుంది. ఘనీ అయిదు పదికి కింద ఎక్కడో రేటు పెట్టుకుని కూర్చుంటాడు. దొంగ ఎవరో కూడా తేలిపోతుంది.

రాత్రి తన పాత వార్డు నర్సు సుందరితో ఫోన్లో ప్రార్థన చేసుకున్నాక ఆమెకు మనసు కుదుటపడింది. ఇప్పుడు ముజాహిద్ మళ్లీ కెలికాడు.

ఇష్తియాక్ ఆఫీసు రియాద్ మలాజ్ పేటలో ఒక బుర్ఖాల దుకాణం పైన. ఒక గది, ఒక కంప్యూటరు, చెవులు గింగుర్లెత్తించే ఏసీ. మనిషిది ప్రొద్దుటూరు. పెద్ద కంపెనీల దగ్గర చేయకుండా చిన్నవాళ్ల టెండర్లే పట్టుకుంటాడు. వడ్రంగి కొట్టు నడిపే యెమెన్ మనిషి, బడులకు భోజనం పంపే మలయాళీ ఆవిడ, ఇలాంటివాళ్లు. అరబ్బీలో ముప్పై పేజీల షరతులు చదివి, ఏ గుమ్మం దగ్గర తల వంచాలో, ఏ గుమ్మం దగ్గర తన్నేస్తారో చెప్పడం అతని పని.

"రండి మేడమ్, రండి. ఒక సంగతి దొరికింది సూడండి," అన్నాడు ఆమెను చూడగానే. "మాసిన బట్టల బండి వేరే, ఉతికిన బట్టల బండి వేరే ఉండాలంట. రెండిటికీ ఫోటోలు పెట్టాల. ఇరవై మూడో పేజీలో యాడనో మూల రాసినారు. ఇది చూడకనే పోయినేడు నలుగురిని బయటికి తోసినారు."

"నాకు రెండు బండ్లున్నాయి కదండీ."

"ఉంటే చాలదు, కనపడాల. ముజాహిద్‌తో తెప్పించినా ఫోటోలు. పెట్టేసినా."

ఇంత శ్రద్ధ దేనికి? మామూలుగా అయితే సంతోషపడేది. ఇప్పుడు ఆ శ్రద్ధ కూడా వేషంలాగే కనిపించింది. గొర్రెను కడిగి, బొట్టు పెట్టి నడిపించేవాడి శ్రద్ధ.

అతని ఫోను మోగింది. తెర చూసుకుని, లేచి, తలుపు దాకా వెళ్లి, ఉర్దూలో గొంతు తగ్గించి మాట్లాడాడు. "అభీ నహీ… వో యహీ హై…" అన్న ముక్కలు రూబీ చెవిన పడ్డాయి. ఆమె ఇక్కడే ఉందని ఎవరికి చెబుతున్నాడు?

తిరిగొచ్చి కూర్చున్నాక అడిగేసింది.

"అబ్దుల్ ఘనీతో చాయ్ తాగారంట."

ఇష్తియాక్ చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

"తాగినా."

"ఎందుకు?"

"పిలిచినాడు, పోయినా. వాళ్ల కంపెనీలో ఉద్యోగం ఇస్తానన్నాడు. నాకొద్దు అని చెప్పినా. ఇప్పుడు ఫోన్ చేసింది కూడా ఆయనే. ఇంగా ఆశ చావలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పింటే నమ్మింటారా?" అన్నాడు. "ఇప్పుడు నమ్మినారా?"

రూబీ నమ్మలేదు. నమ్మలేదని ముఖం చెబుతూనే ఉంది.

"చాయ్ డబ్బులు నేనే ఇచ్చినా మేడమ్," అన్నాడతను నవ్వబోయి. "ఆయన చాయ్ తాగినానని రేపు మీరే అంటారని."

ఆ క్షణంలో రూబీ ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తగానే నూనె పూసినట్టున్న హైదరాబాదీ గొంతు.

"సలామ్ బహెన్. అబ్దుల్ ఘనీ మాట్లాడుతున్న. బాగున్నవా?"

ఆమె ఇష్తియాక్ కళ్లలోకి చూస్తూ ఫోను స్పీకర్లో పెట్టింది. ఇద్దరూ కలిసి ఆడుతున్నారేమో, అతని ముఖం చూస్తే తెలిసిపోతుంది.

"చెప్పండి."

"నాకు నీతోని లడాయి లేదు. నువ్వు ఆడమనిషివి, కష్టపడుతున్నవ్. నా మాట విను, ఈ టెండర్ వెయ్యకు. పని నాకు రానియ్. సగం బట్టలు నీ షెడ్డుకే పంపిస్త. లేదంటవా, నువ్వు నాలుగు ముప్పై అయిదుకు వేస్తవ్, నేను దాని కింద వేస్త. అటు నీకు పని రాదు, ఇటు నాకు లాభం రాదు. ఎందుకు చెప్పు ఈ తకరారు?"

అది రూబీ బుర్రలోనే ఉందనుకున్న అంకె.

"ఆలోచించుకుని చెప్తానండి," అంది ఎలాగో.

"పన్నెండు లోపల ఆలోచించు బహెన్," అని పెట్టేశాడు.

ఇష్తియాక్ కంప్యూటరు తెర వంక చూశాడు. మళ్లీ ఆమె వంక చూశాడు.

"నాలుగు ముప్పై అయిదా? మనది అయిదు పది కదా?"

ఆమె తల వంచుకుంది. దొంగను పట్టుకోవడానికి తవ్విన గోతిలో తనే నిలబడి ఉంది. అయిదు పది ఎక్కడికీ పోలేదు. ఈ గదిలోనే, ఇతని దగ్గరే భద్రంగా ఉంది. బయటికి పోయింది ఇతనికి తెలియని అంకె.

"మీకు… మీకు చెప్పలేదండీ. మీ మీదే అనుమానపడ్డాను."

అతను కోప్పడతాడనుకుంది. అతను కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడవడం చాలాసేపు సాగింది.

"అయితే ఈ రెండు వారాలూ ఉత్తుత్తి రేటు మీద లెక్కలు కట్టినానన్నమాట," అన్నాడు. "సరే. ఆ సంగతి తర్వాత పోట్లాడుకుందాం. ముందు చెప్పండి, నాలుగు ముప్పై అయిదు ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

"ముజాహిద్‌కి?"

"చెప్పలేదు."

"కాగితం మీద, ఫోన్లో యాడన్నా రాసుకున్నారా?"

"లేదండీ. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు."

ఇష్తియాక్ కళ్లజోడు పెట్టుకున్నాడు. "దేవుడికి ఎట్ల చెప్పినారు మేడమ్? మనసులోనా, నోటితోనా?"

రూబీ చేతిలోని ఫోను వంక చూసింది.

వాళ్ల నరసాపురం సంఘంలో చిన్నప్పటినుంచీ నేర్పింది ఒకటే. 'ప్రభువా, మేలు చెయ్యి' అని గాలిలో అడగకూడదు. మనిషి పేరు చెప్పాలి, ఊరి పేరు చెప్పాలి, ఏది ఎంత కావాలో విడమరిచి అడగాలి. ఇద్దరు ఏకమనసుతో అడిగితే మరీ మంచిది. ఇక్కడికొచ్చాక నర్సులంతా తలో షిఫ్టు, తలో ఊరు అయిపోయి, ఫోన్లోనే జతలుగా ప్రార్థించుకోవడం అలవాటు చేసుకున్నారు. రూబీ జత సుందరి. ఇద్దరూ ఒకే వార్డులో పనిచేసినవాళ్లు. రాత్రి రూబీ చెప్పింది కూడా అలాగే: 'నాలుగు ముప్పై అయిదు పెడుతున్నాను సుందరీ, ఆ రేటు నిలబడేలా అడుగు.' సుందరి అడిగింది. మొన్నటి రెండు టెండర్లకూ అడిగింది. ఫోన్ పెట్టేశాక కూడా తెల్లారి మళ్లీ వంటింట్లో నిలబడి, పేరూ అంకే పెట్టి, గొంతెత్తి అడగడం ఆ పిల్ల అలవాటు. ఆ గొంతు వార్డులో చివరి మంచం దాకా వినిపించేది.

"సుందరి," అంది రూబీ నెమ్మదిగా. "కానీ ఆ పిల్ల చెప్పదండీ. పోనీ వాళ్లాయన… ఆయనకు ఈ గొడవలేం తెలుసు? భూషణం గారు ఏదో కంపెనీలో అకౌంట్లు చూస్తారు."

"భూషణమా? విశాఖపట్నం ఆయన? పొడుగ్గా, కొంచెం వంగి నడుస్తాడు?"

"మీకు తెలుసా?"

"ఆయన చూసేది అకౌంట్లు కాదు మేడమ్. ఘనీకి టెండర్లు రాసేది ఆయనే. పోయిన రంజాన్ తర్వాత చేరినాడు."

మొదటి టెండర్ పోయింది ఆ తర్వాతే. రూబీకి పొద్దున్నే వంటింటి గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ పొడుగాటి మనిషి కళ్లకు కట్టాడు. లోపల భార్య కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడుతోంది. అతను వింటున్నాడు.

లేక ఆమే వినిపిస్తోందా? సుందరికి తెలిసే జరుగుతోందా?

"తీరిగ్గా అనుమానపడదాం, ఇప్పుడు టైం లేదు," అన్నాడు ఇష్తియాక్. "ఘనీ నాలుగు ముప్పై అయిదుకి కింద వేస్తాడు. ఎంత కిందో తెలీదు. మీరు ఎంతవరకు దిగగలరు? గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పండి."

రూబీ కళ్లు మూసుకుంది. పొద్దుటి ట్రిప్పు బండి తనే తోలాలి. క్లినిక్కుల పని పక్కన పెట్టాలి. "నాలుగు పదిహేను. అంతకన్నా దిగితే పనివాళ్ల కడుపు కొట్టాలి. అది నావల్ల కాదు."

"చాలు. ఒక పని చెయ్యండి. ఇప్పుడే ఆ అమ్మకు ఫోన్ చేసి, అదే రేటు, నాలుగు ముప్పై అయిదే, గట్టిగా ప్రార్థించమని చెప్పండి. భూషణం నిమ్మళంగా కూర్చుంటాడు."

"ప్రార్థనలో అబద్ధమా?"

"అబద్ధం ఘనీకి మేడమ్, దేవుడికి కాదు."

"ఆ పిల్ల ఘనీకి చెప్పదు కదండీ. దేవుడికే కదా చెప్పేది."

అప్పుడే ఆమె ఫోను మళ్లీ మోగింది. ఈసారి తెలిసిన పేరే. సుందరి.

"వందనాలక్కా! ఇవాళ నాకు ఆఫ్. ఇంట్లోనే ఉన్నాను," అంది సుందరి. "ఇప్పుడే మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. మీ రూబీ అక్క రేటు అదేనా, ఏమన్నా మార్చిందా, కనుక్కుని చెప్పు అన్నారు. పాపం, ఆయనకీ నీ గురించి బెంగే. మారితే చెప్పక్కా, ప్రార్థనలో నేనూ మార్చి అడగాలి కదా."

అదే అని చెబితే అబద్ధం. మారింది అంటే, చెప్పను అన్నా సరే, రెండు నిమిషాల్లో భూషణానికి చేరుతుంది. అతను పన్నెండు దాకా తన అంకెను దించుకుంటూ పోవచ్చు. గోడ గడియారం పన్నెండుకి ఇంకా పావుగంట ఉందంటోంది. ఇష్తియాక్ నాలుగు వేళ్లు, మళ్లీ మూడు, మళ్లీ అయిదు చూపిస్తూ చెప్పెయ్యమని సైగ చేస్తున్నాడు.

"సుందరీ, ఇప్పుడే ప్రార్థన చేసుకుందామా? నాకు కాలూచెయ్యీ ఆడట్లేదు," అంది రూబీ. అందులో అబద్ధం ఏమీ లేదు. "అంకె చివర్లో చెప్తాను. ముందు మిగతావన్నీ అడుగు."

"అలాగే అక్కా. ఏవేవి?"

"ముందు నా ఏడుగురు పనివాళ్లు. పేరుపేరునా."

సుందరి మొదలుపెట్టింది. "పరలోకమందున్న మా తండ్రీ, నీకు స్తోత్రం. ఈ పరాయి దేశంలో నీ బిడ్డలం…" ఆ గొంతు ఫోన్లోంచి గది నిండా పరుచుకుంది. ఇష్తియాక్ గబగబా అంకె మార్చాడు. నాలుగు పదిహేను. ధ్రువీకరణ కోడు రూబీ ఫోనుకే వచ్చింది. ఆమె ఫోను చెవి నుంచి తీసి తెర అతని వైపు తిప్పింది. అతను చూసి కొట్టాడు. టెండర్ వెళ్లిపోయింది.

వెళ్లిపోయినా పని కాలేదు. గడువు దాటేదాకా ఘనీకి అంకె మార్చుకునే తలుపు తెరిచే ఉంటుంది.

"మా షెడ్డు యిర్మీయా డ్రైవింగ్ లైసెన్సు గురించి కూడా," అంది రూబీ, సుందరి ఊపిరి తీసుకున్న చోట. సుందరి యిర్మీయాను దేవుడి చేతుల్లో పెట్టింది. "ఇస్త్రీ చేసే సత్యవేదం గారి మోకాలి ఆపరేషను." అదీ పెట్టింది. ముజాహిద్ చెల్లెలి పరీక్షలు. వాషింగ్ మెషీన్ బెల్టు. ఇష్తియాక్ తన ఛాతీ మీద వేలు పెట్టుకుని, నా పేరు కూడా అన్నట్టు సైగ చేశాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇష్తియాక్ గారి కోసం సుందరీ. నేనాయన్ని అన్యాయంగా అనుమానించాను." అతను తల తిప్పుకుని కిటికీలోంచి చూశాడు.

ఫోన్లో మధ్యలో టుక్‌మని శబ్దం.

"అక్కా, మా ఆయన ఫోను వస్తోంది."

"ప్రార్థనలో ఉన్నాం కదా సుందరీ."

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. సుందరి మళ్లీ అందుకుంది. మళ్లీ టుక్. మళ్లీ టుక్. ఈసారి సుందరి ఆ మాటే ఎత్తలేదు.

కింద మసీదులోంచి అజాన్ మొదలైంది. అడగాల్సినవన్నీ అయిపోయాయి. ఎవరి పేరు చెప్పాలి? ఏ ఊరి పేరు చెప్పాలి? రూబీ వెతుక్కుంటుండగానే, ఆమె అందించకుండానే, సుందరి గొంతు ముందుకు సాగింది. ఇప్పుడు అది పెద్దగా లేదు.

"తండ్రీ, ఈ వంటింట్లో నేను గొంతెత్తి అడిగిన మాటలు నీకోసమే అడిగాను. అవి నీదాకా రాకముందే ఈ గుమ్మం దగ్గర ఎవరి చెవిలోనైనా పడ్డాయేమో, నాకు తెలీదు. ఇవాళ మా ఆయన రేటు కనుక్కోమన్నప్పుడు నేనెందుకు ఆలోచించలేదో, అదీ తెలీదు. నా అక్క దగ్గర నన్ను దోషిగా నిలబెట్టకు. ఆ ఇంటి దీపం ఆర్పకు…"

ఆమె ఆపలేదు. దీపం గురించి, ఇంటి గురించి, నోటికి కాపలా పెట్టమని, చెప్పిందే చెబుతూ, ఏడుస్తూ, అడుగుతూనే ఉంది. టుక్, టుక్ అంటూనే ఉంది. అజాన్ ముగిసింది. ఇష్తియాక్ తెరకేసి చూసి, కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ ముఖం మీద పెట్టుకున్నాడు. గడువు దాటింది.

అవతల సుందరి గొంతు బొంగురుపోయింది.

"ఇక ఆమేన్ అనొచ్చా అక్కా?"

"అనొచ్చు సుందరీ," అంది రూబీ. "నాలుగు పదిహేను పెట్టాను."

"ఆమేన్," అంది సుందరి, ఫోను పెట్టేసింది.

మర్నాడు ధరలు తెరిచారు. అబ్దుల్ ఘనీది నాలుగు ఇరవై అయిదు. వారం తిరక్కుండా కాగితాల పరిశీలనా అయింది. రెండు బండ్ల ఫోటోలు లేవని ఒక కంపెనీని తోసేశారు. కాంట్రాక్టు రూబీదే. ఇష్తియాక్ ఫోన్ చేసి చెప్పి, "ఇంగ మన పోట్లాట మిగిలింది మేడమ్, వచ్చి చాయ్ ఇప్పించండి," అన్నాడు. షెడ్డులో ముజాహిద్ వేసిన కేకకు ఇస్త్రీ బల్లల దగ్గరున్నవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు.

ఆ గోలలోంచి బయటికొచ్చి రూబీ సుందరికి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తింది.

"సుందరీ, వచ్చిందే! మనకే వచ్చింది."

అవతల గిన్నెల చప్పుడు. తర్వాత సుందరి గొంతు, బాగా పైకి:

"ఆఁ, ఉల్లిపాయలా అక్కా? రెండు కిలోలు చాలు. ఎక్కువ తేకు, మొలకలొస్తాయి."

రూబీకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"ఆయన ఇంట్లోనే ఉన్నారా?"

"ఉన్నాయిలే, పచ్చిమిరపకాయలు కూడా ఉన్నాయి," అంది సుందరి. ఆ తర్వాత కుళాయి విప్పిన చప్పుడు. ఆ నీళ్ల మోత కింద, నోరు తెరిచీ తెరవనట్టు, పెదాల మీదే ఒక మాట.

"స్తోత్రం అక్కా."